లైన్‌మన్ రఫీక్ సాయంత్రాలు

మా ఊరి హైస్కూలు వెనక ఉన్న వాలీబాల్ కోర్టులో రఫీక్ బంతి లేపి ఇస్తే, కొట్టేవాడికి పెద్ద శ్రమ ఉండదు. బంతి నెట్ పైన ఒక్క క్షణం ఆగినట్టే కనపడుతుంది. ఎగిరి కొట్టడమే మిగులుతుంది. చూసేవాళ్ళు చప్పట్లు కొట్టేది షాట్ కొట్టినవాడికి. కొట్టినవాడు మాత్రం కిందికి దిగుతూ రఫీక్ వైపు చూస్తాడు. నా పేరు సాంబశివరావు. ఊళ్ళో ఎరువుల కొట్టు నడుపుతాను. ఆ కోర్టులో వెనక వరసలో నిలబడి చాలా ఏళ్ళుగా ఆడుతున్నాను కాబట్టి ఈ సంగతి నమ్మకంగా చెప్పగలను.

మా ఊరు గురజాల నుంచి పిడుగురాళ్ల వెళ్ళే దారికి కాస్త లోపలగా ఉంటుంది. రఫీక్ తండ్రి గులాం మొహిద్దీన్ సాహెబు బస్సు ఆగేచోట చిన్న రేకుల షెడ్డులో కాలిపోయిన బోరు మోటార్లకు వైండింగ్ చేసేవాడు. కొడుకు ఆ షెడ్డులో రాగితీగల మధ్యే పెరిగాడు. ఐటీఐ చదివాడు, సబ్‌స్టేషన్‌లో కొంతకాలం కాంట్రాక్టు మీద పనిచేశాడు, తర్వాత మా ఊరికే లైన్‌మన్‌గా వచ్చాడు. పగలంతా స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు, ఫ్యూజులు. సాయంత్రం ఐదు దాటితే కోర్టు. పెళ్ళయిన కొత్తలో భార్య నజీమా కూడా ఆ సంగతి తెలుసుకుని, ఆ వేళకు టీ పెట్టి ప్లాస్కులో పోసి చేతికిచ్చి పంపేది. ఆ టీ మేమందరం తాగేవాళ్ళం.

ఆ రోజుల్లో ఎవరింట్లోనైనా కరెంటు పోతే సైకిలేసుకుని రఫీక్ ఇంటికి వెళ్ళేవారు. అక్కడ లేడంటే కోర్టుకు వచ్చేవారు. వచ్చేసరికి ఆట మంచి పట్టులో ఉండేది. వచ్చినవాడు గట్టు మీద కూర్చుని, ఈ సెట్టు అయిపోనీలే అనుకునేవాడు. సెట్టయ్యాక రఫీక్ చెమట తుడుచుకుంటూ, "ఏంది బాబాయ్, మీ వీధా?" అని అడిగి, బండి తీసి వెళ్ళి సరిచేసి వచ్చేవాడు. ఒకసారి ఒకాయన మూడు సెట్లూ చూసి ఇంటికెళ్ళాక గుర్తొచ్చి మళ్ళీ పరుగెత్తుకుంటూ వచ్చాడు. నిజంగా ప్రమాదమైతే, తీగ తెగి పడిందనో, ఎడ్లబండి స్తంభానికి తగిలిందనో అయితే, ఆ మనిషి పరుగులోనే తెలిసేది. రఫీక్ బంతి వదిలేసి అప్పుడే బయలుదేరేవాడు.

తర్వాత ఫోన్లు వచ్చాయి. మొదట బటన్ల ఫోను. దాంతో పెద్ద మార్పేమీ రాలేదు. టచ్ ఫోను వచ్చాక మాత్రం రఫీక్ బతుకు నెమ్మదిగా వేరే దారి పట్టింది. ఆఫీసు వాళ్ళు ఒక యాప్ ఇచ్చారు. పొద్దున్నే స్తంభం దగ్గర నిలబడి ఫొటో తీసి హాజరు వేయాలి. పని మొదలెట్టే ముందు ఒక ఫొటో, అయ్యాక ఒక ఫొటో. దాన్ని తప్పు పట్టడానికేమీ లేదు. ఆపైన ఊళ్ళో కుర్రాళ్ళు 'మన ఊరి కరెంటు' అని వాట్సాప్ గ్రూపు పెట్టి రఫీక్‌ను అందులో చేర్చారు. మంచి ఉద్దేశంతోనే పెట్టారు. నేనూ అందులో ఉన్నాను.

ఆ గ్రూపులో ఏమేం వచ్చేవో చెబితే నవ్వొస్తుంది. 'కరెంటు పోయింది' అని ఒకరు పెడితే, 'మాకూ పోయింది' అని నలభై మంది పెట్టేవారు. వచ్చాక 'వచ్చింది' అని మళ్ళీ అందరూ. ఒకావిడ తన ఫ్యాను మెల్లగా తిరుగుతోందని వీడియో తీసి పంపేది. ఒకాయన ఇంట్లో మెయిన్ స్విచ్ తనే ఆపేసి, మర్చిపోయి, 'ఏంది రఫీక్ పట్టించుకోవా' అని పెట్టాడు. ఇంకొకడు పొద్దున్నే దండం బొమ్మలు, సాయంత్రం రాజకీయాలు. ఇవన్నీ రఫీక్ చూడాల్సిందే. వాటి మధ్యలో ఎక్కడో నిజమైన కబురు ఒకటి ఉండొచ్చు గదా!

కోర్టులో ఉండగా జేబులో ఫోను కొట్టుకునేది. మొదట్లో తీసి గట్టు మీద పెట్టేవాడు. గట్టు మీద మోగుతుంటే చూపు అటే పోయేది. తర్వాత నడుముకు చిన్న సంచి కట్టుకుని అందులో పెట్టుకుని ఆడాడు. ఒక సాయంత్రం బంతి లేపబోతూ నడుము దగ్గర వణుకు పుట్టేసరికి చెయ్యి అటు పోయింది. బంతి వచ్చి ముఖానికి తగిలింది. అందరం నవ్వాం. అతనూ నవ్వాడు. కానీ ఆ వారం తర్వాత రావడం తగ్గించాడు. కొన్నాళ్ళకు పూర్తిగా మానేశాడు. అడిగితే, "నేనొచ్చినా సగమే వస్తన్నా సాంబన్నా. మీ ఆట చెడగొట్టడం ఎందుకులే" అన్నాడు.

ఆటకు రానివాడు ఇంట్లోనైనా హాయిగా ఉన్నాడా అంటే అదీ లేదు. అన్నం తింటూ ఎడమ చేత్తో గ్రూపు చూసేవాడు. పండగ నమాజుకు వెళ్ళొచ్చి కొత్త లుంగీ కట్టుకుని మంచం మీద కూర్చుంటే ఫ్యూజు పోయిందని ఫోను. అతని కూతురు షాహీన్ తొమ్మిదో తరగతి చదువుతోంది, తండ్రిని అబ్బా అని పిలిచే మాటకారి పిల్ల. ఒక ఆదివారం వాళ్ళమ్మ ఫోను తీసుకుని ఆ గ్రూపులోనే ఒక ఫిర్యాదు పెట్టింది: 'మసీదు వీధిలో మా ఇంటికి మా అబ్బా సప్లై లేదు. ఎప్పుడొస్తదో చెప్పగలరు.' ఊరంతా పగలబడి నవ్వింది. రఫీక్ కూడా నవ్వి, కూతురి నెత్తిన మెల్లగా మొట్టికాయ వేశాడు. నజీమా మాత్రం నవ్వలేదని మా ఆవిడ చెప్పింది.

అతను ఆట మానేశాడేగానీ అతని మనసు మానలేదు. అదే ఫోనులో వాలీబాల్ మ్యాచులు చూడ్డం మొదలుపెట్టాడు. దేశంలో ఎక్కడెక్కడి లీగులు, బయటి దేశాల పోటీలు అన్నీ ఇప్పుడు అరచేతిలోకే వస్తున్నాయి. ఇంట్లో చూద్దామంటే మధ్యలో ఎవరో ఒకరు ఫోను చేస్తారు. అందుకని పగలు పనిలో వీలు దొరికినప్పుడు చూసేవాడు. సబ్‌స్టేషన్ నుంచి కబురు కోసం స్తంభం కింద కాచుకునేటప్పుడు ఒక పది నిమిషాలు. టీ కొట్టు దగ్గర ఇంకాస్త. బండి మీద పోతూ చెవిలో కామెంటరీ.

నజీమా ఒకరోజు నా కొట్టుకు ఎలకల మందు కోసం వచ్చి, మాటల్లో అన్నది: "ఏం చెప్పమంటావన్నా! ఇంటికొస్తే డ్యూటీ చేత్తాడు, డ్యూటీకి పోతే ఆట చూత్తాడు. యాడా కుదురుగా లేడు మనిషి."

మందు పొట్లం ఆమె చేతిలో పెట్టి, నా ఫోను బల్ల కిందికి తోశాను. నేనూ కొట్లో కూర్చుని ఒక కన్ను ఫోను మీద పెట్టే వ్యాపారం చేస్తున్నాను గదా.

మిరపకాయ కోతల కాలం వచ్చింది. ఒక తెల్లవారుజామున గాలి వీచి ఊరికి వచ్చే తీగ ఒకటి కాలవ కట్ట దగ్గర తెగింది. రఫీక్, అతనితో పాటు పనిచేసే భరత్, ఇద్దరూ పొద్దున్నే వెళ్ళారు. భరత్ మా గ్రామ సచివాలయంలో కరెంటు పని చూసే ఉద్యోగి, శావల్యాపురం వైపు మనిషి, పెళ్ళై ఏడాదైంది. పని మొదలెట్టేముందు రఫీక్ సబ్‌స్టేషన్‌కు ఫోను చేసి ఊరి లైన్ ఆపించాడు. అంతవరకు పద్ధతి ప్రకారమే జరిగింది.

ఆ కట్ట మీద రెండు లైన్లు పక్కపక్కనే పోతాయి. ఒకటి ఊరికి, ఒకటి పొలాల మోటార్లకు. ఆపింది ఊరి లైన్ మాత్రమే. భరత్ తీగ చుట్ట తేవడానికి బండి దగ్గరికి వెళ్ళాడు. రఫీక్ నిచ్చెన భుజానికెత్తుకుని కట్ట మీద నడిచాడు. ముందురోజు సాయంత్రం చూస్తూ చూస్తూ ఫోన్లు రావడంతో ఆపేసిన మ్యాచ్ ఒకటి ఉంది. ఆఖరి సెట్టు మిగిలిపోయింది. ఆ సెట్టు చెవుల్లో నడుస్తోంది. ఎవరు గెలుస్తారో అని ఆలోచిస్తూ నడిచి, ఊరి స్తంభం దాటిపోయి, మోటార్ల లైన్ స్తంభానికి నిచ్చెన ఆనించాడు.

భరత్ దూరం నుంచి చూసి కేక పెట్టాడు. "అన్నా! అది కాదన్నా! దిగన్నా!"

రఫీక్‌కు వినపడలేదు. ఒక మెట్టు ఎక్కాడు. రెండో మెట్టు మీద కాలు పెట్టాడు.

పక్క చేలో రాజమ్మ కాయ కోస్తోంది. ఆమె కూలి ముఠాకు పెద్ద, గట్టి మనిషి. భరత్ కేకలు విని తలెత్తింది. అరుస్తున్నా ఎక్కేవాడు తిరిగి చూడకపోవడం గమనించి, ఒళ్ళో కాయలు కింద పారబోసి, ఒక మట్టిపెడ్డ తీసి విసిరింది. అది రఫీక్ వీపు మధ్యలో పగిలింది.

అతను అదిరిపడి వెనక్కి తిరిగాడు. చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు జారి మెళ్ళో వేలాడాయి.

"చెవుల్లో ఏం పెట్టుకున్నావురా నాయనా!" అని రాజమ్మ అరిచింది. "ఆ పిల్లోడు గొంతు చించుకుంటన్నాడు, వినపళ్ళా? దిగు ముందు!"

చేలో బోరు నీళ్ళు పోస్తూనే ఉంది. ఆ చప్పుడు అప్పుడు వినపడింది రఫీక్‌కు. పైకి చూశాడు. తను ఎక్కబోయిన స్తంభం ఏదో అర్థమైంది. మెల్లగా దిగి, కట్ట మీద కూలబడ్డాడు. భరత్ వచ్చి పక్కన కూర్చున్నాడు. రాజమ్మ మంచినీళ్ళ సీసా తెచ్చి ఇస్తే తాగబోతూ సగం నీళ్ళు చొక్కా మీద పోసుకున్నాడట. ఈ సంగతి మొదట రాజమ్మ చెప్పింది నాకు. తర్వాత రఫీక్ తనే చెప్పాడు.

ఆ రోజు తీగ భరత్ కట్టాడు. రఫీక్ కింద నిలబడి అందించాడు. పని ముగిశాక భరత్, "ఎవరికీ చెప్పనులే అన్నా" అన్నాడు. రఫీక్ తల అడ్డంగా ఊపాడు. ఇంటికెళ్ళి నజీమాకు చెప్పాడు. ఆమె దగ్గరికొచ్చింది. ఇయర్‌ఫోన్లు అతని మెళ్ళోంచి తీసి అలమరలో పెట్టి తాళం వేసింది. ఆ తర్వాత లోపలి గదిలోకి వెళ్ళి ఏడ్చింది.

మర్నాడు రఫీక్ గురజాల వెళ్ళి వాళ్ళ ఇంజినీరు భార్గవి గారిని కలిశాడు. ఆమె వయసులో అతనికన్నా చిన్నది. ఎక్కువ మాట్లాడదు. అతను నిలబడే అంతా చెప్పాడు. ఆమె పెన్ను కింద పెట్టి విన్నది.

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు" అన్నది.

"తెలీకపోతే మళ్ళీ చేస్తానేమోనని చెప్పా మేడం."

"అసలు పని మధ్యలో మ్యాచ్ ఎందుకు చూస్తున్నారు రఫీక్? మీరు బాగా ఆడతారని విన్నాను."

"ఆడటం మానేశా మేడం. ఆడటానికి లేకపోయేసరికి చూడటం ఎక్కువైంది."

"ఎందుకు మానేశారు?"

రఫీక్ జేబులోంచి ఫోను తీసి ఆమె ముందు బల్ల మీద పెట్టాడు. వాళ్ళు మాట్లాడుకుంటున్న కాసేపట్లోనే అది ఎన్నిసార్లు వెలిగి ఆరిందో ఆమె చూసింది. తీసి గ్రూపులో వేలు జరుపుతూ పోయింది. ఫ్యాను వీడియో దగ్గర ఆమెకు నవ్వొచ్చింది.

"భరత్ కూడా ఇందులో ఉన్నాడా?"

"ఉన్నాడు మేడం. ఇద్దరికీ చేస్తారు. నేనెత్తేలోపు వాడికి, వాడెత్తేలోపు నాకు."

ఆమె అతనికి హెచ్చరిక ఇచ్చింది, అది రాసి సంతకం కూడా తీసుకుంది. పని చోట చెవుల్లో ఏమీ ఉండకూడదని అందరు లైన్‌మన్లకూ కబురు పంపింది. ఆ తర్వాత, "ఒకే మనిషి ఇరవై నాలుగు గంటలూ మెలకువగా ఉండాలని నేను చెప్పలేదు. మీ ఇద్దరూ పంచుకోండి. ఊరిని ఒప్పించుకుంటే నాకు అభ్యంతరం లేదు" అన్నది.

ఊరిని ఒప్పించడం అంత తేలికేమీ కాదు. మా సర్పంచి వెంకటరమణమ్మ గారు సచివాలయంలో అందరినీ పిలిపించింది. ఆమె భూమి ఉన్న మనిషి, నోరున్న మనిషి. కుర్చీలు చాలక సగం మంది నిలబడ్డారు. రఫీక్, భరత్ చెప్పింది ఇదీ: ఊరికి ఒకటే కరెంటు నంబరు. ఆ సిమ్ము ఉన్న ఫోను ఒక సాయంత్రం రఫీక్ దగ్గర, మరుసటి సాయంత్రం భరత్ దగ్గర. గ్రూపులో ఇక మీదట వాళ్ళిద్దరే రాస్తారు. ఎక్కడ కరెంటు ఆగిందో, ఎప్పటికి వస్తుందో వాళ్ళే ముందుగా పెడతారు. మిగిలిన వాళ్ళు చదువుకుంటే చాలు.

వంశీ లేచాడు. కౌలు పొలం కూడా తీసుకుని పెద్ద ఎత్తున మిరప వేసిన కుర్రాడు. "తోటకి తడి పెట్టే టయానికి మోటారు ఆగితే నేనెవరికి చెప్పుకోవాల? పోయి వాలీబాల్‌కి చెప్పుకోనా?"

కొందరు నవ్వారు. రఫీక్ నవ్వలేదు.

"ఫోను ఎవరి దగ్గరుంటే వాళ్ళకి చెప్పు వంశీ. ఇద్దరిలో ఒకడు ఎప్పుడూ ఉంటాడు. ఇద్దరమూ ఎప్పుడూ ఉండాలంటే ఇద్దరం సగం సగమే ఉంటన్నాం. నేను మొన్న చావబోయింది అందుకే." ఇయర్‌ఫోన్ల సంగతి కూడా దాచకుండా చెప్పాడు. "తప్పు నాదే. ఫోను మీద తోసెయ్యను. కానీ ఇట్టా అయితే ఇంకోసారి జరగదని మాటివ్వలేను."

వెనక నుంచి రాజమ్మ, "నేను విసిరింది పెడ్డ గాబట్టి సరిపోయింది. రోజూ చేలో నేనుండనుగా!" అన్నది.

వెంకటరమణమ్మ గారు వంశీ వైపు తిరిగింది. "ఒరేయ్ వంశీ, నువ్వు ఆ గ్రూపు ఒకసారి తెరువు. నిన్న ఎన్ని మెసేజులు పెట్టావో చూసుకో. అందులో కరెంటువి ఎన్నో చెప్పు."

వంశీ తెరిచాడు. చూసుకుని జేబులో పెట్టేసుకున్నాడు. "సరేలే అత్తా, చూద్దాం" అని కూర్చున్నాడు.

అలా మొదలైంది. మొదటి సాయంత్రం రఫీక్ కోర్టుకు వచ్చినప్పుడు మేమంతా చప్పట్లు కొట్టాం. కానీ ఆట చూసి లోపల బాధపడ్డాం. బంతి ఒకసారి నెట్‌కు తగిలేది, ఒకసారి వెనక్కి పోయేది. అతని చెయ్యి మాటిమాటికీ ఖాళీ జేబు మీదికి పోయేది. ఎక్కడైనా మోటార్‌సైకిల్ హారన్ మోగితే తల తిప్పేవాడు. సెట్టు మధ్యలో, "సాంబన్నా, నీ ఫోనులో ఒకసారి గ్రూపు చూడు, ఏమన్నా ఉందేమో" అన్నాడు.

"ఉంటే భరత్ చూసుకుంటాడు. నువ్వు బంతి చూడు" అన్నాను.

ఇంటికెళ్ళినా కుదురు లేదట. ఫోను లేని చేత్తో ఏం చెయ్యాలో తెలియక ఇంట్లో స్విచ్ బోర్డులన్నీ విప్పి మళ్ళీ బిగించాడని షాహీన్ చెప్పింది. "మా అబ్బాకి రోజు మార్చి రోజు సెలవిచ్చారు, ఇంక మా ఇంట్లో ఒక్క స్విచ్ మిగలదు" అని బళ్ళో అందరితో అన్నదట. అలా కొన్ని వారాలు గడిచాయి. ఊరివాళ్ళకూ అలవాటు పడటానికి టైము పట్టింది. కొందరు పాత నంబరుకే చేసేవారు. కొందరు ఇంటికే వచ్చేవారు. నజీమా గుమ్మంలోనే నిలబడి, "ఈ పూట భరత్‌ది పిన్నీ" అని పంపేసేది. కానీ గ్రూపులో 'కాలవ లైన్ ఆపాం, పదకొండు లోపు వస్తది' అని ముందే కనపడేసరికి, అడిగేవాళ్ళు తమంతట తామే తగ్గిపోయారు. వంశీ కూడా ఆ కబురు చూసుకునే మోటారు వేసుకోవడం మొదలెట్టాడు. ఏ ఫోను అతని సాయంత్రాలను తినేసిందో, ఆ ఫోనే కాస్త పద్ధతిగా వాడుకుంటే సగం వెనక్కి ఇచ్చింది.

భరత్ తన ఖాళీ సాయంత్రాల్లో భార్యను బండి మీద ఎక్కించుకుని పిడుగురాళ్ల వెళ్ళొచ్చేవాడు. సినిమాకో, హోటలుకో. ఒకసారి రఫీక్ అతన్ని కోర్టుకు రమ్మంటే, "నాకు ఆటలు రావన్నా, నాకు నిద్రొచ్చు" అన్నాడు. అదీ నిజమే. ఎవరి తీరిక వాళ్ళది.

వేసవి మొదట్లో ఒక సాయంత్రం రఫీక్‌ది ఖాళీ పూట. చేతులు అప్పటికి మళ్ళీ దారికొచ్చాయి. బంతి మునుపటిలా నెట్ మీద ఆగుతోంది. రెండో సెట్టులో ఉండగా పడమర నుంచి దుమ్ము లేచింది. గాలి విపరీతంగా కొట్టింది. కాసేపటికి నా ఫోను మోగింది. భరత్.

"సాంబన్నా, బస్సు ఆగేచోట రోడ్డు మీద తుమ్మచెట్టు కొమ్మ పడి తీగలు కిందికొచ్చినయ్. లైన్ ఆపించా. జనం నిలబడున్నారు. ఒక్కణ్ణే, కాస్త కష్టంగా ఉంది. రఫీకన్న..." అని ఆగాడు. అడగాలో వద్దో తెలియని గొంతు.

పక్కనే ఉండి విన్న రఫీక్ అప్పటికే చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు. "వస్తన్నానని చెప్పు. ఎవర్నీ దగ్గరికి రానీవద్దను."

ఆట ఆపి మేమంతా వెంట వెళ్ళాం. కొందరం రోడ్డుకు రెండు వైపులా నిలబడి బళ్ళు ఆపాం. సున్నపురాయి లోడుతో వచ్చిన లారీ డ్రైవరు దిగి తాడు ఇచ్చాడు. రఫీక్ ముందు ఏ లైన్ ఆగిందో భరత్‌ను అడిగి, సబ్‌స్టేషన్‌కు తనూ ఒకసారి చేసి కనుక్కుని, తీగలో మిగిలిన కరెంటు భూమిలోకి పోయేలా ఎర్త్ గొలుసు వేసి, అప్పుడు ముట్టుకున్నాడు. భరత్ పైన, అతను కింద. పొద్దు పూర్తిగా వాలకముందే తీగలు పైకెక్కాయి. వీధుల్లో దీపాలు వెలిగాయి.

నేను అతన్ని అడిగాను. "మళ్ళీ మొదటికి వచ్చినట్టు కాదా రఫీకూ? నీ పూట పోయిందిగా?"

"పోలా అన్నా" అన్నాడు చేతులు దులుపుకుంటూ. "ఇది వాడు పిలిస్తే వచ్చా. రేపు నా డ్యూటీ పూట వాడు చూస్తానన్నాడు. ఇంతకుముందు ఎవరికోసం వస్తన్నానో ఎందుకు వస్తన్నానో నాకే తెలిసేది గాదు."

మర్నాడు భరత్ నిజంగానే ఫోను తీసుకున్నాడు. ఆ సాయంత్రం రఫీక్ కోర్టుకు వచ్చేటప్పుడు షాహీన్ కూడా వెంట వచ్చింది. చెప్పులు వదిలేసి కోర్టు పక్కన నిలబడి తనకూ బంతి లేపడం నేర్పమన్నది. వేళ్ళు ఎలా విప్పాలో, మోకాళ్ళు ఎంత వంచాలో అతను చూపించాడు. ఆమె తొందరపడి ప్రతి బంతినీ అరచేత్తో కొట్టేది. "కొట్టకు బేటీ. దాన్ని పంపించు" అనేవాడు. వారం తిరిగేసరికి ఆమె స్నేహితురాళ్ళు ఇంకో ముగ్గురు వచ్చారు. అందులో వంశీ మేనకోడలు నిఖిత కూడా ఉంది. హెడ్మాస్టరు గారు బడిలో మూలన పడున్న పాత నెట్ ఇచ్చాడు. దాన్ని నజీమా కూర్చుని చినిగిన చోటల్లా కుట్టింది.

ఈ ఏడు పిడుగురాళ్లలో మండలాల వాలీబాల్ పోటీలు పెట్టారు. చాన్నాళ్ళ తర్వాత మా జట్టు పూర్తిగా వెళ్ళింది. ఆదివారం పొద్దున్నే వంశీ ట్రాక్టరు తీశాడు. ఫోను భరత్‌కు అప్పజెప్పి రఫీక్ దాని వెనక ట్రక్కు ఎక్కాడు. రెండు ఆటలు గెలిచాం. సెమీ ఫైనల్లో ముప్పాళ్ళ కుర్రాళ్ళు మమ్మల్ని చిత్తుగా ఓడించారు. వాళ్ళు ఎగిరితే మా తలకాయలు వాళ్ళ మోకాళ్ళ దగ్గరే ఉన్నాయి. ఆట అయ్యాక వాళ్ళ కోచ్ రఫీక్ దగ్గరికి వచ్చి, "అన్నా, మీకు కొట్టడానికి ఎత్తున్న షూటర్ ఒకడుంటే మా పని అయిపోయేది" అని చెయ్యి కలిపి వెళ్ళాడు. రఫీక్ ఆ మాటకు చిన్నపిల్లాడిలా సిగ్గుపడ్డాడు.

బస్టాండ్ దగ్గర మిరపకాయ బజ్జీలు తిని, ఎండ ఇంకా పూర్తిగా తగ్గకముందే బయలుదేరాం. రోడ్డు పక్క సున్నపు బట్టీల పొగ, లారీలు లేపే తెల్లటి దుమ్ము. ట్రక్కులో అందరం ఓడిపోయిన సంగతి మర్చిపోయి, ఎవరెవరు ఏ బంతి వదిలేశారో చెప్పుకుని ఒకరినొకరం తిట్టుకుంటున్నాం. ఎక్కువ తిట్లు నాకే పడ్డాయి. ఒక బంతైనా తన వల్లే పోయిందని రఫీక్ చేత కూడా ఒప్పిద్దామని అటు తిరిగాను. అతను బంతుల సంచి తల కింద పెట్టుకుని, నోరు తెరుచుకుని, గాఢంగా నిద్రపోతున్నాడు. ట్రాక్టరు గతుకులో పడి ఎగిరినా కదల్లేదు. వంశీ వెనక్కి తిరిగి చూసి బండి కాస్త నెమ్మది చేశాడు.